నీలకంఠం గొంతు నీలం కాదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం నీలకంఠం అని కూడా పిలిచే పాలపిట్ట మీదే. దసరా దగ్గరపడింది కాబట్టి వింతేమీ కాదు. ఒకేలాంటివి కలిపి, పనికొచ్చే వివరం ఉన్నచోట కాస్త విడమరిచి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో పాత ఇంగ్లిష్ పుస్తకంలో పాలపిట్ట బొమ్మ కింద ‘బ్లూ జే’ అని ఉంది. కోస్టారికా వెళ్లొచ్చిన మా మేనల్లుడు ఒక ఫొటో చూపించాడు. పైన నీలం, కింద తెలుపు, బారెడు తోక, నెత్తిన ముందుకు వంగిన కుచ్చు. దాన్ని కూడా ‘జే’ అనే అంటున్నాడు. ఈ రెండూ చుట్టాలా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

కావు. పేరు ఒక్కటే కలిసింది. మన దేశానికొచ్చిన ఇంగ్లిష్ వాళ్లు నీలంగా మెరిసే పిట్టను చూసి తమకు తెలిసిన ‘జే’ పేరు తగిలించేశారు. పాలపిట్ట అసలు ఇంగ్లిష్ పేరు ఇండియన్ రోలర్. శాస్త్రీయ నామం కొరాసియస్ బెంగాలెన్సిస్. దానికి లకుముకి పిట్ట దగ్గరి చుట్టం. జేలు కాకి కుటుంబానివి.

మీ మేనల్లుడు చూసింది వైట్ త్రోటెడ్ మాగ్‌పై జే అయి ఉండాలి. గొంతు కింద సన్నటి నల్ల దండ ఉందేమో ఫొటోలో చూడండి. మెక్సికోలో పసిఫిక్ వైపు నుంచి కోస్టారికా దాకా, ఎండాకాలం ఆకు రాల్చే ఎండు అడవుల్లో బతుకుతుంది. మన టేకు, మద్ది అడవులు మార్చిలో ఎలా బోసిపోతాయో అవీ అలాగే బోసిపోతాయి. కొలిస్తే 43 నుంచి 56 సెంటీమీటర్లు, అందులో సగానికి సగం తోకే. గొంగళి పురుగులు, పండ్లు, వేరే పిట్టల గుడ్లు, ఏది దొరికితే అది తింటుంది. హోటల్ బల్లల మీది ప్లేట్లనూ వదలదు. దాని సంసారం తీరే వేరు. కూతుళ్లు పుట్టిన గుంపులోనే ఉండిపోయి తల్లి గూటికి మేత మోస్తాయి, కొడుకులు వలస పోతాయి. మనకు తెలిసిన ఇల్లరికం లెక్క కన్నా ఒక మెట్టు పైనే.

తేడా కాళ్లలో తెలుస్తుంది. జే కొమ్మ మీద గెంతుతుంది, గింజనో కాయనో కాలి కింద అదిమిపెట్టి ముక్కుతో పొడుస్తుంది. పాలపిట్ట కాళ్లు పొట్టివి, నడకకు పనికిరావు. పురుగును ముక్కుతోనే పట్టి, కూర్చున్న కొమ్మకేసి బాది మింగుతుంది. జే పుల్లలతో గూడు కడుతుంది. పాలపిట్ట తొర్ర వెతుక్కుంటుంది.

మన అడవుల్లో జేకు నిజమైన చుట్టం కావాలంటే పాఖాల, ఏటూరునాగారం, కవ్వాల్ వైపు చూడండి. ఇటుక రంగు ఒళ్లు, మసి పూసినట్టున్న తల, పొడుగు తోక ఉన్న ‘రూఫస్ ట్రీపై’ కనిపిస్తుంది. అదీ కాకి వంశమే.

ప్రశ్న: దసరా నాడు మా గల్లీకి ఒకాయన పంజరంలో పాలపిట్టను తెచ్చి, చూసినందుకు పైసలు అడుగుతాడు. పోయినేడు పిట్ట కళ్లు మూసుకుని తూగుతూ ఉంది. జాలేసి కొని వదిలేస్తే ఎగరలేక మోరీ పక్కన పడింది. ఏం చేయాలో తోచలేదు. ఈసారి అలా జరిగితే?
– ఒక పాఠకుడు, వరంగల్

మొదటి మాట: కొనకండి. మీరిచ్చిన డబ్బు వచ్చే ఏడు ఇంకో పిట్టకు ఉచ్చు అవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పాలపిట్టను పట్టడం, పంజరంలో ఉంచడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. అంటే కొన్నవాళ్లూ తప్పు చేసినట్టే. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకో పోలీసులకో ఫోన్ చేయండి. మనిషి ఏ గల్లీలో ఉన్నాడో, ఎటు పోతున్నాడో చెబితే చాలు.

పిట్ట ఎందుకు తూగుతోందంటే, ఆకలితో. పంజరంలో నూకలు, అన్నం మెతుకులు వేస్తారు. పాలపిట్ట గింజ తినే పిట్ట కాదు. ముందు పెట్టిన నూకలు ముందే ఉంటాయి, పిట్ట ఎండిపోతుంది. ఎగరలేకపోవడానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, రెక్క ఈకలు కత్తిరించడం. రెండోది, పట్టేటప్పుడు పూసిన జిగురు ఈకలకు అంటుకుపోవడం.

కత్తిరించిన ఈక గోరులా పెరగదు. మొదలు కాడ అలాగే ఉండి, తర్వాత ఈకలు రాల్చే కాలంలో ఊడిపోయాకే కొత్తది వస్తుంది. దానికి నెలలు పడుతుంది. అందుకే ‘వదిలేస్తే పుణ్యం’ అని గాల్లోకి విసిరితే ఏ కుక్క వాతనో పడుతుంది.

దెబ్బతిన్న పిట్ట ఎలాగో మీ చేతికొస్తే ఇలా చేయండి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అట్టపెట్టె తీసుకోండి. పక్కలకు పెన్సిల్ పట్టేంత రంధ్రాలు పదిదాకా పొడవండి. రంధ్రాలు పిట్టను లోపల పెట్టక ముందే పొడవాలి. అడుగున పాత నూలు చీర ముక్క పరవండి. తువాలు వద్దు, దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. పిట్ట మీద పల్చటి గుడ్డ కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో పట్టుకుని పెట్టెలో దించండి. ఛాతీ నొక్కకండి. పిట్ట ఊపిరి తీయాలంటే ఛాతీ కదలాలి. మూత వేసి చీకటిగా, చప్పుడు లేనిచోట పెట్టండి. చీకట్లో సగం భయం తగ్గుతుంది.

నోట్లో నీళ్లు పోయకండి. శ్వాసనాళం తెరుచుకునేది నాలుక మొదట్లోనే. మీరు పోసిన చుక్క తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలు అసలే వద్దు. పేరులో పాలున్నా కడుపులో అరగవు. గాయానికి నూనె, నెయ్యి, పసుపు ముద్ద పూయకండి. ఈకలు అతుక్కుపోతే ఒంటి వేడి నిలవదు. జిగురు అంటి ఉంటే దాని మీద మక్కపిండో గోధుమపిండో పలుచగా అద్దండి. ఇంకో చోట అంటుకోకుండా ఆగుతుంది. కడిగే పని పశువైద్యులకు వదిలేయండి.

అటవీ సిబ్బంది రావడం ఆలస్యమై, ఈలోగా పిట్ట నిటారుగా కూర్చుని చురుగ్గా చూస్తుంటే, కాళ్లు తీసేసిన ఒకటి రెండు మిడతలను చిమటాతో ముక్కు ముందు కదపవచ్చు. అందుకుంటే సరే. ముక్కు బలవంతంగా తెరవద్దు.

ప్రశ్న: ఎకరంన్నర పత్తి పెట్టిన. పురుగును పిట్టలు తింటయని టీ ఆకారం కర్రలు పాతమన్నరు, పాతిన. పసులపోలిగాడు (చీలిన తోక నల్ల పిట్ట) వచ్చి కూసుంటున్నడు గాని పాలపిట్ట రాదు. గులాబీ పురుగు తగ్గాలంటే ఇంకెన్ని కర్రలు కావాలె?
– ఒక రైతు, నర్సంపేట

గులాబీ రంగు పురుగు విషయంలో ఏ పిట్ట మీదా ఆశ పెట్టుకోకండి. గుడ్డు పగిలిన కాసేపటికే పిల్ల పురుగు మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. పైన కూర్చున్న పిట్టకు అది కనబడనే కనబడదు. దానికి నిఘా కోసం ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పెట్టండి, గుడ్డి పూలు (పురుగు దూరి విచ్చుకోకుండా ముడుచుకుపోయినవి) కనబడ్డవి కనబడ్డట్టు ఏరి నాశనం చేయండి. కర్రలు ఆకు మీద తిరిగే గొంగళ్లకు, ఎగిరే రెక్కల పురుగులకు పనికొస్తాయి. ఆ పని పసులపోలిగాడు బాగానే చేస్తాడు. వాడికి ఎకరాకు 8–10 కర్రలు, పైరు కన్నా అడుగు, అడుగున్నర ఎత్తుంటే చాలు. పైరు పెరిగేకొద్దీ కర్ర ఎత్తు పెంచడం చాలామంది మరిచిపోతారు. ఆకులో మునిగిన కర్ర మీద ఏ పిట్టా కూర్చోదు.

పాలపిట్ట లెక్క వేరు. ఎత్తున కదలకుండా కూర్చుని, నేల మీద ఏదైనా మెదిలితే రెక్కలు సగం మూసి జారినట్టు దిగి పట్టుకుంటుంది. మిడతలు, కీచురాళ్లు, పెంకు పురుగులు, తేళ్లు, చిన్న కప్పలు, తొండ పిల్లలు, దొరికితే చిట్టెలుక దాని మేత. అంటే దానికి నేల కనబడాలి. సాళ్లు కలిసిపోయిన పత్తిలో నేల ఎక్కడ కనబడుతుంది? మీరు నిలబెట్టిన నాలుగడుగుల కర్ర దానికి నచ్చకపోవడంలో తప్పు దానిది కాదు.

దానికోసమే అయితే చేను నడుమ వద్దు. గట్టు మీద, బండ్ల బాట పక్కన, పశువుల కొట్టం దగ్గర, అంటే బోసి నేల ఉన్నచోట ఎకరానికి ఒక్క కర్ర చాలు. 14 అడుగుల గట్టి వెదురు బొంగో తుమ్మ వాసమో తీసుకుని 2 అడుగులు లోతుకు పాతితే పైన 12 అడుగులు మిగులుతుంది. చివరన అడుగున్నర అడ్డకర్ర, బొటనవేలి కన్నా కాస్త లావుది, రెండు చోట్ల జీఐ తీగతో బిగించండి. మేకు ఒక్కటే కొడితే అడ్డకర్ర తిరిగిపోతుంది. సన్న బొంగు గాలికి ఊగుతుంది, ఊగే కర్ర మీద గురి కుదరదు కాబట్టి పిట్ట ఒకసారి వాలి మళ్లీ రాదు. పక్కనే ఎండిన కొమ్మున్న చెట్టో కరెంటు తీగో ఉంటే మీ కర్ర అవసరమే లేదు.

దుక్కి రోజు గమనించండి. ట్రాక్టరు నాగలి వెనక కొంగలతో పాటు పాలపిట్ట కూడా దిగుతుంది. మట్టి తిరగబడి బయటపడ్డ పురుగుకు అంతకన్నా మంచి సమయం దానికి దొరకదు.

వరి, జొన్న వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. గింజ పాలు పోసుకునే ముందే పొలంలోని టీ కర్రలన్నీ పీకేయండి. లేకపోతే అవే గింజ తినే పిట్టలకు కుర్చీలవుతాయి.

ఇక మందు సంగతి. మిడత మీద మోనోక్రోటోఫాస్ లాంటి మందు పడితే అది వెంటనే చావదు, తూలుతూ నేల మీద పాకుతుంది. పిట్టకు అదే తేలికైన వేట. మందు తిన్న మిడతలు కడుపు నిండా తింటుంది. అర్జెంటీనాలో 1995–96 కాలంలో మిడతల మీద కొట్టిన ఈ మందుకే వేల సంఖ్యలో స్వెయిన్సన్ గద్దలు చచ్చిపోయాయి. ఆ గద్దలు అక్కడికి వచ్చేది మిడతలు తినడానికే. కర్ర పాతి పిట్టను పిలిచి, అదే వారం ఆ మందు కొట్టడం కన్నా కర్ర పాతకపోవడమే నయం.

ప్రశ్న: మా ఇంటెనక తల ఊడిన తాడిచెట్టు మోడు ఉంది. ఎండకాలం దాంట్లో పాలపిట్టలు తిరుగుతయి. గాలికి పడుతుందేమోనని కొట్టించాలనుకుంటున్నం. ఎప్పుడు కొట్టిస్తే మంచిది? లేకుంటే ఉంచాలా?
– ఒక పాఠకురాలు, పరకాల

ఉంచగలిగితే ఉంచండి. పాలపిట్టకు తొర్ర తొలుచుకునే ముక్కు లేదు. వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్ర, పాత గోడలోని సందు, లేదా మీ మోడులా పైభాగం కుళ్లి బోలుగా మారిన తాడి, ఇవే దాని ఇళ్లు. అక్కడా పోటీ తక్కువేం కాదు. రామచిలుకలు, గోరింకలు అవే తొర్రల కోసం కొట్లాడతాయి. ఊళ్లలో పాత తాడిచెట్లు కొట్టేసినకొద్దీ పిట్టకు తిండి ఉన్నా పిల్లల్ని పెంచే చోటు కరువవుతోంది.

ముందు మోడు ఎత్తు చూడండి. అది ఎటు పడ్డా ఇల్లు, కొట్టం, కరెంటు తీగ, పిల్లలు ఆడేచోటు దాకా రాకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. వస్తుందనుకుంటే మనుషుల క్షేమమే ముందు, మొహమాటం లేదు. కాకపోతే కాలం చూసి కొట్టించండి.

గుడ్లు మార్చి నుంచి జూన్ మధ్య పెడుతుంది. 3 నుంచి 5 దాకా, గుండ్రటి తెల్ల గుడ్లు. పొదగడానికి 17–19 రోజులు, పిల్లలు ఎగిరి బయటికి రావడానికి ఇంకో నెల. అంటే ఒక్క కాపుకు దాదాపు 50 రోజులు. జూన్‌ ఆఖరున పెట్టినా ఆగస్టు ఆఖరుకు ఇల్లు ఖాళీ అవుతుంది. కాబట్టి సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు కొట్టించండి.

నెల లెక్క మీదే నమ్మకం పెట్టుకోకుండా ఒకసారి చూసుకోండి. పొద్దున్నే 40–50 మీటర్ల దూరంలో గంటసేపు కూర్చోండి. పిట్ట ముక్కున పురుగు కరుచుకుని తీగ మీద వాలి, అటూ ఇటూ చూసి మోడులోకి దిగిందంటే లోపల పిల్లలున్నట్టే. ఉత్త ముక్కుతో లోపలికి పోయి చాలాసేపు బయటికి రాకపోతే గుడ్ల మీద ఉన్నట్టు. మీరు దగ్గర నిలబడితే అది మేత ముక్కున పెట్టుకునే కాచుకు కూర్చుంటుంది, పిల్లలు ఆకలితో ఉంటాయి. నిచ్చెన వేసి తొంగిచూడటం అసలే వద్దు. కుళ్లిన తాడి మీ బరువు ఆపదు.

ప్రశ్న: పాలపిట్ట ఈక తుంచి గడ్డిలో కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువిస్తుందని మా దిక్కు పెద్దలంటారు. అందుకే ఆ పేరా? నీలకంఠం అని ఎందుకంటారు? ఈక రంగు ఎన్నేళ్లయినా ఎందుకు వెలిసిపోదు?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

పేరుకు ఆ నమ్మకమే మూలమని వందేళ్ల కిందటి రాతల్లోనూ ఉంది. ఈకంటే కెరటిన్, మన గోరు, వెంట్రుకల్లో ఉండేదాని జాతి పదార్థం. ఆవు కడుపులో పడితే అదనంగా ఒక్క చెంచా పాలు కూడా రావు. పాలు తగ్గితే దాణా, నీళ్లు, పొదుగు చూసుకోవాలి.

నీలకంఠం శివుడి పేరు. పిట్ట గొంతు చూస్తే నీలం కాదు. లేత ఊదా కలిసిన గోధుమరంగు మీద తెల్లటి సన్న గీతలు. నీలమంతా నెత్తిన, రెక్కల్లో, తోకలో, పొట్ట అడుగున. ఆడా మగా ఒకేలా ఉంటాయి.

ఈక రంగు సంగతి ఆసక్తికరమైనది. అందులో నీలి రంగు పదార్థమేదీ లేదు. ఈక లోపలి కెరటిన్‌లో కంటికి ఆనని గాలి బుడగలు స్పాంజిలా అల్లుకుని ఉంటాయి. వాటి మీద పడ్డ వెలుతురులో నీలం భాగం తిరిగొస్తుంది, మిగతాది అడుగున ఉన్న మెలనిన్ అనే నల్లటి పదార్థం మింగేస్తుంది. నీలి రంగు పదార్థమే లేనప్పుడు వెలిసిపోయేదేముంది? సి.వి.రామన్ 1934లో ఈ పిట్ట ఈకలనే పట్టుకుని వాటి రంగు ఎక్కడిదో పరిశోధించారు. రాలిన ఈక కనిపిస్తే ఎండకు అడ్డంగా ఎత్తి, వెనక నుంచి వెలుగు వచ్చేలా చూడండి. నీలం మాయమై మట్టి రంగు కనిపిస్తుంది. చూశాక అక్కడే వదిలేయండి.

ప్రశ్న: బాయి కాడ లకుముకి పిట్టను పాలపిట్ట అని మా వాళ్లతో వాదించి ఓడిపోయిన. తేడా ఎట్ల?
– ములుగు

ముక్కు చూస్తే చాలు. ఎర్రగా, తలకన్నా పెద్దగా ఉంటే లకుముకి. దాని ఛాతీ తెల్లగా మెరుస్తుంది. పాలపిట్ట ముక్కు నల్లది.

ప్రశ్న: మార్చిలో ఒక పాలపిట్ట పైకిపోయి తలకిందులుగా పడ్డట్టు దొర్లుతూ అరుస్తది. మందు తిన్నదా?
– మహబూబాబాద్

కాదు, పెళ్లిచూపులు. మగది నిటారుగా ఎగిరి, అటూ ఇటూ ఒరుగుతూ, గరగర అరుస్తూ కిందికి దూకుతుంది. రోలర్ అన్న పేరు ఆ దొర్లుడు వల్లే వచ్చింది. చెరువులో దభీమని మునిగి లేవడం చూసినా కంగారు పడకండి, అది స్నానం.

ప్రశ్న: రాష్ట్ర పక్షి అంటారు గానీ దసరా రోజు ఎంత తిరిగినా కనబడదు. నిజంగా తగ్గాయా? ఎక్కడ, ఎప్పుడు చూడాలి?
– ఒక పాఠకుడు, కాజీపేట

తగ్గాయి. దేశంలోని పక్షుల స్థితి మీద 2023లో వచ్చిన నివేదిక, 30 శాతం, అంతకు మించి తగ్గిన 14 జాతుల్లో పాలపిట్టను చేర్చింది. తెలంగాణతో పాటు కర్ణాటకకూ, ఒడిశాకూ ఇదే రాష్ట్ర పక్షి. హోదాకు తక్కువేమీ లేదు.

అయితే దసరా నాడు కనబడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికి వరి, పత్తి, మక్క ఎత్తుగా ఉంటాయి, వేటకు పనికొచ్చే బోసి నేల తక్కువ. మక్క కోసేసిన చెల్కలు, పశువులు మేసే బీడు, చెరువు కట్ట కింది గట్లు వెతకండి. జమ్మి పూజకు సాయంత్రం ఊరి బయటికి పోయేవాళ్లు ఒక గంట ముందే బయల్దేరితే సగం పని అయినట్టే. పొద్దున అయితే సూర్యుడు లేచాక రెండు గంటల లోపు. నడి అడవిలో దొరకదు. పాఖాల, రామప్ప వైపు వెళ్తే అడవి అంచున ఉన్న పొలాల వెంట, రోడ్డు పక్క కరెంటు తీగలు చూస్తూ పోండి. బండి మెల్లగా నడపండి. రోడ్డు మీద చచ్చిన పురుగుల కోసం దిగి బండ్ల కింద పడే పిట్టల్లో ఇదీ ఒకటి.

ఎండ మీ వీపుకు తగిలేలా నిలబడి, 30–40 మీటర్ల దూరంలోనే ఆగండి. తీగ మీద ముడుచుకు కూర్చుంటే అది మబ్బు గోధుమరంగులో, పెద్ద తలతో, ఏ సందడీ లేని పిట్ట. పావురమేమో అనుకుని దాటిపోతారు. తల వంచి ఒకేచోట నేలకేసి చూస్తోందంటే నాలుగైదు నిమిషాలు ఓపిక పట్టండి. దిగేటప్పుడు రెక్క విప్పుతుంది.